పేరు పీకేసిన సీసా

భద్రయ్య ఎట్టకేలకు డాక్టరు గదిలో పరీక్ష చేసే తెర వెనక్కి వెళ్ళాడు. పోయిన వారం మనం ఆయన్ను భద్రాచలం ఆసుపత్రి వరండాలో, ఆడ డాక్టరుకు చూపించేదే లేదని గోడకానుకుని మొండికేసిన మనిషిగా వదిలి వచ్చాం. అడవిలో పాతికేళ్ళు వెదురు నరికినవాడు, ఎలుగుబంటి ఎదురుపడ్డా కేక వేయనివాడు, కుడి గజ్జలో గడ్డ లేచిన సంగతి మాత్రం ఎనిమిది నెలలపాటు కట్టుకున్న భార్యకు కూడా తెలియనివ్వలేదు. పంచె వదులుగా కట్టాడు, గుట్ట ఎక్కడం మానేశాడు, అడిగితే మోకాలు నొప్పన్నాడు. చివరికి భార్య జంపక్క వరండాలో పదిమంది వినేటట్టే అంది: "నీ సిగ్గు నీతోపాటే మట్టిల కలుస్తది. మిగిలేది నేను." ఆ మాటకు లేచి వెళ్ళాడు.

ఇంకొక్క సంగతి గుర్తు చేయాలి. అదే గజ్జలో ఏడాదిన్నర కింద, గోదావరి పెద్ద వరదకు ముందు, ఒక ఆపరేషన్ అయింది. గిలక, అంటే పేగు జారే హెర్నియా, అనుకుని కోసిన అప్పటి డాక్టరుకు లోపల మామిడికాయంత కొవ్వు గడ్డ దొరికింది. దాన్ని తీసి, సీసాలో మందునీళ్ళు పోసి, ఖమ్మంలో ముక్క పరీక్ష చేయించుకు రమ్మని పంపాడు. పరీక్షలో ఏమీ లేదని తేలింది. అలా తేలిందని చెప్పినవాడు జంపక్క తమ్ముడు రాంబాబు, సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. ఈ వారం కథంతా వాడిదే. వాడి మీద నాకు జాలి ఉంది, కోపమూ ఉంది. ఏది ఎక్కువో రాస్తూ కూడా తేల్చుకోలేకపోతున్నాను.

డాక్టర్ సునంద పరీక్ష చేసి, ఖమ్మంలో స్కానింగ్ తీయించి, గడ్డలోకి సూది వేసి ముక్క పంపిన పది రోజులకు, ఒక గురువారం పొద్దున ముగ్గురినీ గదిలోకి పిలిచింది. భద్రయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. జంపక్క ఆయన పక్కన, అన్నం గిన్నెల సంచి ఒళ్ళో పెట్టుకుని. రాంబాబు తలుపు దగ్గరే నిలబడ్డాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. బీజం నుంచి పొత్తికడుపులోకి నరాలతో, రక్తనాళాలతో కలిసి ఒక తాడు వెళ్తుందట. గడ్డ ఆ తాడును చుట్టుకుని పెరుగుతోందట. చూస్తే కొవ్వులాగే ఉంటుంది, గిలక అనో నీరు చేరిన బుడ్డ అనో అనుకుని ఎందరో డాక్టర్లు మోసపోతారు, ఎందుకంటే ఇలాంటిది ఒక డాక్టరు జీవితం మొత్తంలో ఒకటో రెండో చూస్తే గొప్ప. సూదికి వచ్చిన ముక్కలో మామూలు కొవ్వు కణాలే ఎక్కువున్నాయి, కొన్ని మాత్రం అనుమానంగా ఉన్నాయి. సూది గడ్డలో ఒక్క మూలనే తాకుతుంది కాబట్టి దాన్ని బట్టి గట్టిగా ఏదీ చెప్పలేం. కానీ తీసిన చోటే మళ్ళీ వచ్చింది, గట్టిపడింది. తన అనుమానం లైపోసార్కోమా అని. ఆ పేరు వాళ్ళకు అర్థం కాదని ఆమెకు తెలుసు. అందుకే కొవ్వులో పుట్టే క్యాన్సర్ అని విడమరిచి చెప్పింది.

వైద్యం ఉందని కూడా చెప్పింది. మొదటిసారి తవ్వి తీసినట్టు కాదు, గడ్డ, తాడు, కుడి బీజం, చుట్టూ ఉన్న మంచి కండ కొంత, అన్నీ కలిపి ఒకే ముద్దగా తీయాలి. ఒక్క వేరు మిగిలినా మళ్ళీ వస్తుంది. తర్వాత అవసరాన్ని బట్టి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. హైదరాబాద్‌లో తనకు చదువు చెప్పిన సర్జన్‌తో మాట్లాడింది, సోమవారానికి మంచం ఖాళీ ఉంచుతామన్నారు.

భద్రయ్య చాలాసేపు ఆ బొమ్మను చూశాడు. తర్వాత చీటీని మెల్లగా డాక్టరమ్మ వైపు జరిపాడు.

"నాకు వద్దమ్మా," అన్నాడు. "అనుమానం అంటున్నరు. అనుమానానికి మగోని బీజం తీస్తరా? మొదాలు తీసిన ముక్క పరీక్ష చేసిండ్రు. ఏం లేదన్నరు. మా బామ్మర్ది సొంతంగ పోయి, రిపోర్టు చూసి, నాకు చెప్పిండు. వాడు అబద్ధం ఆడడు. మీ సూది మాటకన్న నాకు వాని మాట గట్టిది."

గదిలో ముగ్గురూ రాంబాబు వైపు తిరిగారు. 

ఆ రిపోర్టు కాగితం ఉందా అని డాక్టరమ్మ అడిగింది. మంచి ప్రశ్న. వాడు ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంకో దారిన పోయేది. కానీ అబద్ధానికి అలవాటు పడ్డ నోరు ముందుగా తెరుచుకుంటుంది. కాగితం నిరుడు వరదలో పోయిందని చెప్పాడు. సారపాకలో వాడి ఇల్లు ఎత్తు మీద ఉంది, వరద వాడి గడప కూడా తడపలేదు. ఆ సంగతి జంపక్కకు తెలుసు. ఆమె కనుబొమలు ముడిపడటం వాడు చూశాడు, చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

ఫర్వాలేదు, ల్యాబులో రిజిస్టరు ఉంటుంది అంటూ డాక్టరమ్మ ఫోన్ ఎత్తింది. నెల చెప్పింది, పేరు చెప్పింది, ఊరు చెప్పింది. అవతలివాళ్ళు పేజీలు తిప్పి లేదన్నారు. మళ్ళీ వెతకమంది. ముందు నెల, తర్వాతి నెల కూడా చూడమంది. తర్వాత ఫోన్ పెట్టేసింది. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది.

"రాంబాబు గారూ," అంది. "ఆ పేరుతో వాళ్ళకు ముక్క రాలేదట. నేను చెప్పడం కంటే మీరు చెప్తే మంచిది."

 వాడు అప్పుడు కూర్చున్నాడు, ఖాళీ కుర్చీలో కాదు, నేల మీద, తలుపుకు వీపు ఆనించి. మొహం ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. సగం మాటలు మింగేస్తూ చెప్పినదాన్ని నేను కాస్త సరిచేసి చెప్తున్నాను.

ఆ రోజు వాడు సీసాను పేపర్లో చుట్టి ఖమ్మం బస్సెక్కాడు. వెడల్పు మూతి గాజు సీసా. దాని మీద తెల్ల ప్లాస్టరు అంటించి కాంపౌండరు తెలుగులోనే రాశాడు: భద్రయ్య, నలభై రెండేళ్ళు, కుడి గజ్జ. పాల్వంచ దాటేసరికి ఒడిలో వేడికి, చెమటకు పేపరు తడిసి చిరిగింది. మందు వాసన లేచింది. వెనక సీటులో ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కొత్తగూడెంలో మిల్లు యార్డులో తనతో పనిచేసే బిచ్యా ఎక్కి పక్కనే కూర్చున్నాడు. వాడు పదో తరగతి దాకా చదివినవాడు, చదువు ఊరికే పోనిస్తాడా? సీసా తిప్పి ప్లాస్టరు మీద ఉన్నది పైకి చదివాడు. చదివి, ఏందిరా మీ బావ సామాను మోస్కపోతున్నవా అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. కండక్టరు టికెట్లు కొడుతూ నవ్వాడు. కొంగులు అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు.

ఏన్కూరు దాటాక ఒక కిలోమీటరు రాయి దగ్గర బస్సు ఎవరికోసమో ఆగింది. రాంబాబు దిగిపోయాడు. రోడ్డు పక్క బీడు భూమి. రాయికి పది అడుగుల దూరంలో అక్కడ దొరికిన కొయ్యతో జానెడు లోతు గుంట చేసి సీసాను పాతిపెట్టాడు. మంత్రసాని అయిన వాడి తల్లి, కాన్పు అయిన ప్రతి ఇంట్లో మాయను ఇంటి వెనక పాతిపెడుతూ, బతికున్న ఒంటి నుంచి విడిపడ్డది మట్టికి చేరాలని అనేది. ఆ మాట అడ్డం పెట్టుకుని తప్పు చేయలేదని తనకు తానే చెప్పుకున్నాడు. ఎదురు బస్సెక్కి ఇంటికి వచ్చాడు. వారం తర్వాత, ఏమీ లేదన్నారని చెప్పాడు. అప్పటికి పాత డాక్టరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. అడిగినవాళ్ళు లేరు.

"బస్సుల నవ్విండ్రు బావా," అన్నాడు చివర. "నాకు తల కొట్టేసినట్టయింది. గంతే. ఇంకేం లేదు."

ఇంకేం లేదన్నాడు గానీ ఒకటుంది. దాన్ని మాత్రం చెప్పలేదు. అంత సిగ్గులో కూడా ఒక సంగతి దాచుకున్నాడు.

జంపక్క ఏడవలేదు. తిట్టలేదు. తమ్ముడి కోసం కూడా తెచ్చిన అన్నం గిన్నెను సంచిలోంచి తీసి, ఒకసారి చూసి, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "మిల్లు గేటు కాడ మీ బావ నాలుగు రోజులు నిలబడి నీకు ఆ పని ఇప్పిచ్చిండు," అంది. అంతకుమించి ఆ రోజు వాడితో మాట్లాడలేదు. ఆమె తనను కొట్టి ఉంటే బాగుండునని వాడు అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు.

డాక్టరమ్మ మాత్రం వేరే లెక్కలో ఉంది. సీసా మూత తీశారా అని రాంబాబును అడిగింది. లేదన్నాడు. లోపలి మందు ఒలికిందా? లేదన్నాడు. ఆమె ముందుకు వంగింది. మూత బిగువుగా ఉంటే ఆ మందునీళ్ళలో మాంసం ఏళ్ళకొద్దీ కుళ్ళదని చెప్పింది. ఆ ముక్క దొరికితే ఇప్పటికీ పరీక్ష చేయవచ్చు, తొందరపెడితే ఒకటి రెండు రోజుల్లో ఫలితం వస్తుంది. మొదట ఉన్నది ఏ రకమో, ఈ ఏడాదిన్నరలో ఎంత ముదిరిందో తెలుస్తుంది. ఎంత మేర కోయాలో, కరెంటు ముందా తర్వాతా అన్నది హైదరాబాద్‌లో దాన్ని చూసి తేల్చుకోవచ్చు. దొరకకపోయినా ఆపరేషన్ ఆగకూడదని భద్రయ్య వైపు తిరిగి గట్టిగానే అంది.

 భద్రయ్య గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. కోపం వస్తే ఇట్టే తెలిసిపోయే మొహం ఆయనది, కానీ అందులో కోపం లేదు. తన సంగతి బస్సునిండా తెలిసిపోయిందన్న సిగ్గు ఒక్కటే ఉంది. పరాయివాళ్ళు నవ్వినందుకు బామ్మర్ది పడ్డ అవమానం ఆయనకు అర్థమైంది. ఆ అర్థం కావడమే రాంబాబును ఎక్కువ చంపింది.

"ఆగుతదమ్మా," అన్నాడు భద్రయ్య. "ఒకసారి ఒకని మాట నమ్మిన. ఇప్పుడు కండ్లతోటి చూస్తెనే. ఆ సీసా తెమ్మనుండ్రి. అండ్ల రోగం ఉన్నదని మీరు చూపెడితే సోమారం నేనే బండెక్కుత. లేకుంటె లేదు." లేచి, రాంబాబు దగ్గరికి వచ్చి, వంగి గొంతు తగ్గించాడు. "తే. కాని అది నాదని ఎవ్వలికీ చెప్పకు. గా ఒక్క పని చెయ్యి నాకోసం."

రాంబాబు తల ఊపాడు. ఆ తల ఊపడం ఎంత ఖరీదో అప్పుడు వాడికి తెలియదు.

మర్నాడు శుక్రవారం, మిల్లుకు సెలవు చెప్పి, పొరుగింటి గడ్డపార ఒకటి సంచిలో చుట్టుకుని, మొదటి బస్సుకే బయల్దేరాడు. ఏన్కూరు దాటాక కిలోమీటరు రాయి దగ్గర దిగాడు. రాయి ఉంది. బీడు లేదు. దాని చోట జామాయిల్ తోట, వరసలు వరసలుగా, వాడికి రెండింతల ఎత్తు. మిల్లులో రోజూ లారీల నుంచి దించి దించి భుజం కాయ కాచిన కర్ర అది. ఈ చెట్లు కూడా ఏదో ఒక రోజు తన యార్డుకే వస్తాయని అనుకుంటూ, రాయి నుంచి పది అడుగులు లెక్కపెట్టి తవ్వడం మొదలుపెట్టాడు. ఒక గుంట, రెండు గుంటలు, అయిదు గుంటలు. వేర్లు తప్ప ఏమీ తగలలేదు.

తోట యజమాని రెడ్యా, దగ్గర్లోని తండా మనిషి, చప్పుడు విని వచ్చాడు. ఎవరు నువ్వు, నా చెట్ల మొదళ్ళు ఎందుకు తవ్వుతున్నావని అడిగాడు.  వేరు మందు కోసం అన్నాడు రాంబాబు మొదట. రెడ్యా గడ్డపార లాక్కోబోయేసరికి, ఒక గాజు సీసా కోసం అన్నాడు.

రెడ్యా చేయి అక్కడే ఆగిపోయింది. వాడి మొహంలో రంగు పోవడం రాంబాబు చూశాడు.

తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. రెడ్యా చెప్పాడు. నిరుడు తొలకరికి జామాయిల్ పెట్టడానికి బీడును ట్రాక్టరుతో దున్నిస్తే, నాగలికి సీసా తేలింది. పగల్లేదు. లోపల మాంసం ముద్ద. పైన పేరు లేదు, ఊరు లేదు. అదే నెలలో రెడ్యా కోడలికి కడుపు పోయింది, రెండు ఎడ్లు చచ్చాయి. తండాలో పూలి అనే ముసలామె ఉండేది, ఒంటరిది, ఆకుమందులు ఇచ్చేది, ఆ బీడులోనే మేకలు మేపేది. ఇంక చెప్పేదేముంది? ఆమే చేతబడి చేసిందన్నారు. అది దవాఖానా సీసా అని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. దవాఖానాదైతే పేరుండాలి గదా అన్నారు. పంచాయితీ పెట్టి, సీసాను ఆమె చేతికే ఇచ్చి, తండా నుంచి వెళ్ళగొట్టారు. ఇప్పుడు వాగు అవతల గుడిసె వేసుకుని ఉంటోంది.

"కొట్టిండ్రు గూడ," అన్నాడు రెడ్యా నేల చూస్తూ. "నేను కొట్టలే. కాని ఆపలే."

 నిన్న డాక్టరమ్మ గదిలో రాంబాబు చెప్పకుండా దాచుకున్న సంగతి ఇదే. సీసాను పాతిపెట్టేముందు వాడు గోరుతో ప్లాస్టరు మొత్తం పీకేశాడు. ఎవరైనా తవ్వితే బావ పేరు బయటపడకూడదని. ఆ పేరు ఉండి ఉంటే నాగలికి తేలిన రోజే సీసా ఏ ఆసుపత్రికో చేరేది. బావ గడ్డ అప్పుడే బయటపడేది. ఒక ముసలామె తన ఇంట్లో తాను ఉండేది. ఒక్క ప్లాస్టరు ముక్క. తన సిగ్గు తనతో ఆగలేదని, పేరు కూడా తెలియని మనిషి వీపు మీద దెబ్బలై పడిందని తెలిసి, గట్టు మీద నుంచి లేవడానికి వాడికి మొహం చెల్లలేదు.

అయినా లేచాడు. సోమవారానికి మూడు రోజులే ఉన్నాయి.

వాగు దాటేసరికి పూలి గుడిసె ముందు చింతపండు గింజ తీస్తోంది. డెబ్బై ఏళ్ళుంటాయేమో. ఎడమ చేయి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది. అది ఎప్పుడు విరిగిందో రాంబాబు అడగలేదు. ఆమె వాడి మొహం చూసింది, చేతిలో గడ్డపార చూసింది, గడ్డపారకు అంటిన ఎర్రమట్టి చూసింది. ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి, బట్టలో చుట్టిన సీసా తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. మూత చుట్టూ మైనం పూసి ఉంది. లోపల నీళ్ళు పసుపెక్కాయి గానీ ముద్ద అలాగే ఉంది.

"దీనికి సొంతగాడు ఎప్పటికన్న వస్తడని మైనం పెట్టి ఉంచిన," అంది. సీసా ఒక వైపున బొటనవేలితో రుద్దింది. "ఈడ అంటు ఉన్నది చూడు, ఇంక గరుకు పోలే. పేరు అంటిచ్చిన జాగ ఇది. అందరికి చూపిచ్చిన, ఎవలూ ఇనలే. ఎందుకు పీకినవ్ కొడుకా?"

రాంబాబు చెప్పాడు. బస్సు సంగతి, నవ్వు సంగతి. చెప్తూంటే అది ఎంత చిన్న కారణమో వాడికే వినబడింది. బావ ప్రాణం ఈ సీసాలో ఉందని, ఇమ్మని ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఇస్త," అంది. "మీ బావ చావాలని నాకేం లేదు. కాని ఊకె ఇయ్య. తండాల నిలబడు. ఇది ఎవల మాంసం, ఏం పేరు, ఒంట్ల ఏ జాగల కోసి తీసిండ్రు, పేరెవలు పీకిండ్రు, అందరి ముందర చెప్పు. నన్ను ఎల్లగొట్టిన నోళ్ళన్ని ఇనాలె. అప్పుడు తీస్కపో."

ఎవ్వలికీ చెప్పకు అన్న బావ గొంతు రాంబాబు చెవిలో ఇంకా ఉంది. బావ ప్రాణానికి బావ పేరే ఇమ్మంటోంది ఈమె. వాడు నోరు తెరిచాడు, ఒక్క రోజు గడువు అడుగుదామని. పూలి అప్పటికే మంచి చేత్తో సీసాను చంకలో పెట్టుకుని, ఏడాదికి పైగా కాలు పెట్టని తండా దారి పట్టింది.